గట్క, గ్రేవీ, ఒక చిన్న అబద్ధం

ముందే ఒప్పేసుకుంటున్నాను, నేనొక అబద్ధం చెప్పాను. ఈ టపా అంతా ఆ అబద్ధం పుణ్యమే.

పోయినేడాది థాంక్స్‌గివింగ్‌కి ముందు మా ఆఫీసులో పాట్‌లక్ పెట్టారు. న్యూజెర్సీలో ఆఫీసు పాట్‌లక్ అంటే మనవాళ్ళు ఏం తెస్తారో మీకు చెప్పక్కర్లేదు. నేనూ బిర్యానీయే పట్టుకెళ్ళాను. అదీ వండింది కాదు, ఎడిసన్‌లో ట్రే ఆర్డరిచ్చి తెచ్చింది. మా టీంలో రిటైర్మెంటుకి దగ్గరపడ్డ ఒక పెద్దాయన ఉన్నాడు. వాళ్ళ తాతలు సిసిలీ నుంచి వచ్చారు. ఆయన ఓ పే..ద్ద గిన్నె నిండా మీట్‌బాల్స్, టమాటా సాస్ తెచ్చాడు. సాస్ అంటే ఊరుకోడు, "గ్రేవీ" అనాలట. ఆదివారం పొద్దున్నే పొయ్యి మీద పెడితే మధ్యాహ్నం దాకా ఉడుకుతూనే ఉంటుందట. "మా అమ్మమ్మ వంట. సిసిలీ నుంచి తెచ్చుకున్నది" అని గర్వంగా చెప్పి, నా ట్రే వంక చూసి "మరి నీది?" అన్నాడు.

"మా నానమ్మ వంట. తరతరాల సంప్రదాయం" అనేశాను.

మా నానమ్మ దంతాలపల్లిలో ఉంటుంది. ఎనభై దాటాయి. ఆవిడ జన్మలో బిర్యానీ వండలేదు.

ఆ రాత్రి ఇంటికొచ్చాక ఏదో గిల్టీగా అనిపించి, కనీసం ఆయన వంట గురించైనా తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను. అలా చదువుతూ పోతే తేలిందేమిటంటే, పాపం ఆయనకి తెలియదు గానీ, ఆయన చెప్పింది కూడా పూర్తి నిజం కాదు!

సరే, అసలు కథలోకి వద్దాం. 1880 నుంచి 1924 మధ్యలో ఇటలీ నుంచి అమెరికాకి నలభై లక్షల మందికి పైగా వచ్చారు. ఒక్క 1907లోనే రెండున్నర లక్షల పైచిలుకు. ఎక్కువమంది దక్షిణ ఇటలీ వాళ్ళు.. సిసిలీ, కలాబ్రియా, నేపుల్స్ చుట్టుపక్కల ఊళ్ళు. 1861లో ఇటలీ అంతా ఒక దేశం అయితే అయింది గానీ అక్కడి కూలోడి బతుకు మాత్రం మారలేదు. భూములు పెద్ద దొరలవి. దొర పట్నంలో ఉంటాడు, ఊళ్ళో భూమిని గుత్తకి పట్టినవాడు పెత్తనం చేస్తాడు. ఇది చాలదన్నట్టు 1869 నుంచి కొత్త సర్కారు మర పన్ను వేసింది. తిండి గింజలు మర పట్టించుకుంటే పన్ను! అది 1884 దాకా నడిచింది. 1877లో మొదలైన జాచీని విచారణ అని ఒకటుంది, పల్లెల్లో వ్యవసాయం ఎలా ఉందో చూడమని పార్లమెంటు వేసింది. ఆ సంపుటాలలో కనిపించేది ఎక్కువగా ఆ పల్లెల దరిద్రమే.

మరి వాళ్ళు తిన్నదేమిటి? ముతక రొట్టె, చిక్కుడు గింజలు, శనగలు, చేలగట్ల మీద దొరికే ఆకుకూరలు. ఉత్తరాదిన అయితే మొక్కజొన్న రవ్వతో చేసే పొలెంటా. మాంసం పండక్కి. మనం ఇటలీ అనగానే గుర్తొచ్చే పాస్తా కూడా చాలా పల్లెల్లో రోజువారీ తిండి కాదు, పండగ తిండి.

అమెరికా వచ్చాక వాళ్ళకి కూలి గొప్పగా ఏమీ ముట్టలేదు. ఇరుకు గదులు, సొరంగాల తవ్వకాలు, బట్టల మిల్లులు. కానీ ఒక్కటి మాత్రం మారింది, తిండి చవక. మాంసం, తెల్ల గోధుమపిండి, చీజ్, డబ్బా టమాటాలు అన్నీ కూలోడికి అందే ధరలో ఉన్నాయి. ఇటలీలో మాంసం ఉండలు చిన్నగా చేసి విడిగా తింటారు, అమెరికాలో అవి పిడికెడంత అయి స్పెగెటీ మీదకెక్కాయి. ఇటలీలో వంకాయతో చేసే పర్మిజానా ఇక్కడ చికెన్ పర్మిజాన్ అయింది. క్రిస్మస్ ముందు రాత్రి మాంసం మానేసి చేపలు తినడం దక్షిణ ఇటలీలో పాత ఆచారమే, కానీ దానికి "ఏడు చేపల విందు" అని పేరూ లెక్కా కుదిరింది అమెరికాలో. హాసియా డైనర్ అనే చరిత్రకారిణి 2001లో "హంగరింగ్ ఫర్ అమెరికా" అని ఒక పుస్తకం రాశారు. అందులో ముఖ్యమైన మాట ఏమిటంటే, ఊళ్ళో ఉన్నప్పుడు దొరలు తినేదాన్ని ఈ కూలివాళ్ళు అమెరికా వచ్చి తాము తిన్నారు, దాన్నే తమ ఇటలీ అన్నారు.

అంటే మా పెద్దాయన అమ్మమ్మ ఆదివారం గ్రేవీ సిసిలీ నుంచి మోసుకొచ్చింది కాదు. సిసిలీలో దొరకనిది. దొరికి ఉంటే ఆవిడ ఓడ ఎక్కేదే కాదేమో.

(అన్నట్టు, ఆ తిండికి అప్పట్లో ఇక్కడ మర్యాదేమీ లేదు. వెల్లుల్లి కంపు అని వెక్కిరించేవాళ్ళు. 1891లో న్యూ ఆర్లియన్స్‌లో పదకొండు మంది ఇటాలియన్లని ఒక గుంపు జైల్లో దూరి మరీ చంపింది. పిజ్జా అమెరికా జాతీయ ఆహారంలా అయిపోయిన ఈ రోజుల్లో ఇది నమ్మడం కష్టం.)

ఇదంతా చదువుతుంటే నిజానికి నాకు సిసిలీ కనపడలేదు. మా జనగామ పక్క ఊళ్ళు కనపడ్డాయి.

మా దంతాలపల్లి 2016లో మండలం అయి మహబూబాబాద్ జిల్లాలో కలిసింది. అంతకుముందు వరంగల్ జిల్లా, నర్సింహులపేట మండలం. ఆ పక్కనే జనగామ తాలూకా, నిజాం కాలంలో అది నల్లగొండ జిల్లాలో ఉండేది. విసునూరు దేశ్‌ముఖ్ పెత్తనం, పాలకుర్తిలో పండిన పంట కోసం ఎదురు తిరిగిన చాకలి ఐలమ్మ, 1946 జులై 4న కడవెండిలో తూటా తగిలి పడిపోయిన దొడ్డి కొమరయ్య.. ఇవన్నీ మా చుట్టుపక్కల ఊళ్ళే. స్కూల్లో చదువుకున్నప్పుడు ఇదంతా భూమి కోసం, వెట్టి మీద జరిగిన పోరాటం అని మార్కుల కోసం రాశాను. దాంట్లో తిండి సంగతి ఎంత ఉందో అప్పుడు నా బుర్రకి తట్టలేదు. ఇటలీ వాడికి మర పన్ను అయితే మనవాళ్ళకి రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో లెవీ. పండిన ధాన్యంలోంచి ఇంత అని సర్కారుకి కొలవాలి. పెద్ద భూస్వామి ఎలాగో తప్పించుకుంటాడు, బరువంతా చిన్న రైతు మీద పడుతుంది.

మా నానమ్మ చిన్నతనం ఆ పోరాటం రోజుల నాటిది. ఆవిడ మాటల్లో వరి అంటే చెరువు కింద మడి ఉన్నోళ్ళ తిండి. వీళ్ళకి రోజూ జొన్న గట్క. తెలియని వాళ్ళ కోసం చెబుతున్నా.. జొన్నలు విసుర్రాయిలో విసిరి, రవ్వ వేరుగా పిండి వేరుగా చేసి, మరిగే నీళ్ళల్లో ముందు రవ్వ, తర్వాత పిండి పోసి తెడ్డుతో కలుపుతూ ఉడికిస్తే గట్క. దాంట్లోకి చల్ల, లేకపోతే పచ్చిపులుసు, లేకపోతే తొక్కు, ఏదీ లేకపోతే ఉల్లిగడ్డ. మిగిలింది నీళ్ళల్లో వేసి పెడితే పొద్దున అంబలి. వరి బువ్వ పండక్కో, చుట్టాలొస్తేనో. మక్కలు పండితే మక్క గట్క. మీరు గూగుల్‌లో పొలెంటా బొమ్మ చూడండి, అది మక్క గట్కే! వాళ్ళు జున్ను చల్లుతారు, మనం తొక్కు వేసుకుంటాం, అంతే తేడా.

ఇక్కడో విషయం నన్ను కుర్చీలోంచి లేపింది. ఉత్తర ఇటలీలో ఏళ్ళ తరబడి పొలెంటా తప్ప ఇంకేమీ దొరకని పేదోళ్ళకి ఒక జబ్బు వచ్చేది. ఎండ తగిలేచోట చర్మం నల్లబడి పొలుసులు రేగడం, విరేచనాలు, ముదిరితే మతి చలించడం. 1771లో ఫ్రాపోలి అనే మిలన్ వైద్యుడు దానికి పల్లెటూరి వాళ్ళు పిలిచే పేరే వాడాడు, పెల్లాగ్రా. అంటే గరుకు చర్మం అని. నియాసిన్ అనే బి విటమిన్ లోటు వల్ల వస్తుందని చాలా తర్వాత తేలింది. ఇప్పుడు మన దగ్గరికి రండి. 1958లో కూనూరు నుంచి హైదరాబాదు తరలి వచ్చిన పోషకాహార పరిశోధన సంస్థ, అదే మన తార్నాక ఎన్ఐఎన్, అక్కడి డాక్టర్ సి. గోపాలన్, డాక్టర్ శ్రీకాంతయ్య 1960లో లాన్సెట్ పత్రికలో ఒక వ్యాసం రాశారు. మొక్కజొన్న ఎరగని జొన్న తిండి వాళ్ళల్లో కూడా పెల్లాగ్రా ఎందుకొస్తోంది అన్నది వాళ్ళ ప్రశ్న. జొన్నలో లూసిన్ అనే పదార్థం ఎక్కువ ఉండటం కారణం కావచ్చన్నారు. ఆ కారణం మీద తర్వాత శాస్త్రవేత్తల మధ్య చాలా వాదన జరిగింది, అది వేరే సంగతి. నాకు పట్టింది ఏమిటంటే, మిలన్ పక్క పొలెంటా తిన్న కూలోడూ హైదరాబాదు చుట్టుపక్కల గట్క తిన్న కూలోడూ ఒకే జబ్బుతో ఆసుపత్రికి వెళ్ళారు. పక్కన పప్పో పాలో కూరో ఉంటే జొన్న చేటు చేయదు. ఏడాది పొడుగునా అదొక్కటే ఉంటేనే జబ్బు.

అందుకే ఇప్పుడు మన గచ్చిబౌలి బ్యాచ్ "ఆ రోజుల్లో మన పెద్దలు మిల్లెట్స్ తిని ఎంత ఆరోగ్యంగా ఉండేవాళ్ళో" అంటుంటే నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాదు. జొన్న మంచిదే, నేనూ తింటాను. కానీ మా నానమ్మ గట్క తిన్నది డైటీషియన్ చెప్పి కాదు.

మరి అన్నం ఎప్పుడొచ్చింది? 1983లో ఎన్టీఆర్ ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం పథకం పెట్టింది. అప్పటికి మా నాన్న హైస్కూల్లో ఉన్నాడు. మా ఇంట్లో రోజూ రెండు పూటలా అన్నం ఆ తర్వాతే అంటాడు. మెల్లగా బోర్లు, కరెంటు మోటార్లు వచ్చాయి, వరి పెరిగింది. నా దగ్గరికి వచ్చేసరికి అన్నం మామూలు సంగతి, గట్క నానమ్మ చెప్పే కథల్లో మాట. మూడు తరాల్లో మా కంచం మొత్తం మారిపోయింది. దీన్ని పట్టుకుని "తరతరాల సంప్రదాయం" అన్నాను చూడండి!

ఇక అమెరికాలో మనవాళ్ళ సంగతి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో బోస్టన్ వచ్చారు. భార్యని ఇంటిదగ్గర వదిలి వచ్చిన మనిషి 1948లో ఇక్కడే పోయారు, ఒక్కసారి కూడా వెనక్కి వెళ్ళలేదు. ఆయన వచ్చిన ఏడాదే భగత్ సింగ్ థింద్ కేసులో అమెరికా సుప్రీం కోర్టు భారతీయులకి పౌరసత్వం లేదంది. మరుసటి ఏడాది, 1924లో వచ్చిన చట్టం ఇటలీ వాళ్ళ రాకని పిసరంతకి కుదించింది, ఆసియా వాళ్ళకి తలుపే మూసింది. 1946లో భారతీయులకి ఏడాదికి వంద మంది అని కోటా ఇచ్చారు. 1965 అక్టోబర్‌లో లిండన్ జాన్సన్ సంతకం చేసిన చట్టంతో ఇద్దరికీ మళ్ళీ తలుపు తెరుచుకుంది. అంటే ఇటలీ వాళ్ళని ఆపిందీ మనల్ని ఆపిందీ ఒకే చట్టం, ఇద్దర్నీ రానిచ్చిందీ ఒకే చట్టం. నాకిది ఇన్నాళ్ళూ తెలియదు.

1965 తర్వాత వచ్చిన డాక్టర్లు, ఇంజనీర్లు ఇక్కడ వంట మొదలుపెట్టారు. చికాగోలో పటేల్ బ్రదర్స్ మొదటి కొట్టు తెరిచిందే 1974లో. అంతకుముందు? క్రీం ఆఫ్ వీట్‌తో ఉప్మా. బిస్క్విక్ పిండితో గులాబ్ జాం. మామిడికాయకి బదులు పుల్లటి గ్రీన్ ఆపిల్. గోంగూర దొరక్క రూబార్బ్ పచ్చడి. క్రాన్‌బెర్రీ పప్పు, క్రాన్‌బెర్రీ తొక్కు. ఇవన్నీ ఆ ఆడవాళ్ళు ఉద్యోగాలు చేసుకుంటూ, పిల్లల్ని పెంచుకుంటూ కనిపెట్టినవి. ఏ పేటెంటూ లేదు. 1970ల్లో పిట్స్‌బర్గ్‌లో వేంకటేశ్వరస్వామి గుడి లేచింది, 1977లో న్యూయార్క్‌లో తెలుగువాళ్ళ మొదటి మహాసభ జరిగింది. తర్వాత 1990 చట్టంతో హెచ్1బి, వైటూకే, మనందరం. 2010 నుంచి 2017 మధ్య అమెరికాలో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు 86 శాతం పెరిగి నాలుగు లక్షలు దాటారు.

కొట్టు లేనప్పుడు పుట్టిన క్రాన్‌బెర్రీ పప్పు నిజంగా మనవాళ్ళ అమెరికా వంట. దాన్ని మాత్రం ఎవరూ పాట్‌లక్‌కి తీసుకెళ్ళరు. బిర్యానీ తీసుకెళ్తాం. ఇటలీ వాళ్ళు పప్పుగింజల చారు దాచి మీట్‌బాల్స్ చూపించినట్టే. మనం సంప్రదాయ వంట అని బయటికి చూపించేది మన తాతలు రోజూ తిన్నది కాదు, వాళ్ళు పక్కవాళ్ళ ఇంట్లో వాసన చూసి ఆశపడ్డది. అందులో తప్పేమీ లేదు. ఆకలి చూసిన ఇంట్లో పిల్లలకి మంచి తిండి పెట్టుకోవడం కంటే గొప్ప పండగ ఏముంటుంది? కానీ ఆ ఆకలి సంగతి మర్చిపోయి, మేము ఎప్పుడూ ఇంతే అని చెప్పుకోవడంలో తప్పుంది. అలా చెప్పుకునేవాళ్ళే రెండు తరాల తర్వాత కొత్తగా వచ్చినవాడి టిఫిన్ డబ్బా చూసి ముక్కు మూసుకుంటారు.

మరి సంప్రదాయం అనేది ఏమీ మిగలదా? దీనికి కూడా ఇటలీ వాళ్ళ దగ్గరే ఒక కథ ఉంది. పెన్సిల్వేనియాలో రోజెటో అని చిన్న ఊరు. దక్షిణ ఇటలీలో రోజెటో వల్ఫొర్తోరే అనే ఊరి వాళ్ళు 1880ల నుంచి వచ్చి పలక రాయి క్వారీల్లో పనిచేస్తూ కట్టుకున్నది. మాల్కం గ్లాడ్‌వెల్ పుస్తకం పుణ్యమా అని మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. స్టూవర్ట్ వుల్ఫ్ అనే డాక్టరు బృందం 1960ల్లో చూస్తే పక్క ఊళ్ళతో పోలిస్తే రోజెటోలో గుండె జబ్బుతో పోయేవాళ్ళు చాలా తక్కువ. తిండి చూస్తే పంది కొవ్వులో వేపుళ్ళు, చుట్టలు తాగడం, క్వారీ దుమ్ము! తేడా అల్లా మూడు తరాలు ఒకే ఇంట్లో ఉండటం, ఒకరింటికి ఒకరు వెళ్ళడం, ఉన్నోడు లేనోడి ముందు డాబు చూపించకపోవడం. పిల్లలు చదువుకుని, విడి ఇళ్ళు కంచెలు కట్టుకున్నాక 1970లకి ఆ తేడా పోయింది. చిన్న ఊరు, చిన్న లెక్కలు, అందరూ ఒప్పుకోరు. అయినా నా అపార్ట్‌మెంట్‌లో లాప్‌టాప్ ముందు ఒక్కడినే బిర్యానీ తింటూ ఇది చదివినప్పుడు మింగుడు పడలేదు.

తర్వాతి వారం పెద్దాయనకి నిజం చెప్పేశాను. బిర్యానీ కొన్నదని, నానమ్మ తిన్నది వేరే అని. కాసేపు నవ్వి, "మా అమ్మమ్మ బీన్సు, పాస్తా కలిపి ఒక సూప్ చేసేది. చుట్టాలొస్తే మాత్రం ఆ గిన్నె దాచేసేది. ఎందుకో ఇప్పుడు అర్థమవుతోంది" అన్నాడు.

ఆ ఆదివారం ఇంటికి ఫోన్ చేసి నానమ్మని గట్క ఎట్లా చేస్తారని అడిగాను.

"గదెందుకు బిడ్డా? గది గతిలేనోళ్ళ తిండి. అమెరికా పోయి గట్క తినుడేంది? అక్కడ బియ్యం దొరుకుతలేవా?" అని గాబరా పడింది. పక్కనున్న నాన్నతో "వీనికి నౌకరి పోయిందా ఏంది, అడుగు" అంటోంది :-)

నౌకరి ఉందని నమ్మించడానికి పది నిమిషాలు పట్టింది. తర్వాత చెప్పడం మొదలుపెట్టింది. ఏ ఏడు కరువు, ఎవరింట్లో జొన్నలు అప్పు తెచ్చారు, తిరిగి ఎన్ని మానికలు కొలిచారు, పెద్దవాళ్ళు తిన్నాక గిన్నెలో ఏం మిగిలేది.. గంటన్నర మాట్లాడింది. నేను ఆవిడతో అంతసేపు మాట్లాడటం పుట్టిబుద్ధెరిగాక అదే మొదటిసారి. వంట మాత్రం రెండు నిమిషాల్లో చెప్పేసింది.

ఇండియన్ స్టోర్ నుంచి జొన్న రవ్వ, జొన్నపిండి తెచ్చి చేశాను. బియ్యం కంటే ఖరీదు! పచ్చిపులుసు కూడా చేసి, వీడియో కాల్‌లో గిన్నె చూపించాను. నానమ్మ ఫోన్ దగ్గరికి తీసుకుని, కళ్ళు చికిలించి చాలాసేపు చూసింది. బాగుందంటుందని ఎదురు చూస్తున్నాను.

"గడ్డలు కట్టింది. తెడ్డు నడుమ ఆపినవ్ కదా" అంది.